వినపడలేదని రాయాల్సింది

నేను చేసిన తప్పుతోనే మొదలుపెడతాను. ఉద్యోగం నుంచి దిగిపోయాక అందరూ తాము చేసిన మంచి పనులు చెప్పుకుంటారు. నాకూ అలాంటివి నాలుగైదు ఉన్నాయి, ఎవరైనా అడిగితే చెబుతాను. కానీ ఈ పనిలోకి కొత్తగా వస్తున్న మీకు పనికొచ్చేది నా తప్పే. దాన్ని నేను దిద్దుకున్న తీరు కొందరికి నచ్చలేదు. నచ్చకపోతే మానె అని ఆ రోజే అనుకున్నాను. ఇప్పుడు తీరిగ్గా కూర్చుని ఆలోచించినా అదే అనిపిస్తోంది.

నేను డాప్లర్ టెక్నీషియన్‌ని. అమీర్‌పేట నుంచి పంజాగుట్ట వెళ్ళే దారిలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఇరవై ఎనిమిదేళ్ళు పనిచేశాను. ఆ ఆసుపత్రి ఇప్పుడు లేదు, ఆ భవనంలో బట్టల షోరూమ్ నడుస్తోంది. తెనాలి పక్కనుంచి వచ్చి మధురానగర్‌లో ఒక లేడీస్ హాస్టల్లో దిగినప్పుడు ఆర్నెల్లు చూసి వెళ్ళిపోదామనుకున్నదాన్ని, ఆ కాలనీలోనే పెళ్ళి చేసుకుని, ఇద్దరు పిల్లల్ని పెంచి, ఇప్పుడు అక్కడే పింఛను లేని విశ్రాంతి తీసుకుంటున్నాను.

మా పనేమిటో కొంచెం చెప్పాలి. చెప్పకపోతే నా తప్పు మీకు అర్థం కాదు.

పంజాగుట్ట ఫ్లైఓవర్ కింద బస్సు కోసం నిలబడ్డవాళ్ళందరికీ ఇది తెలిసిన సంగతే. అంబులెన్స్ మన వైపు వస్తున్నంతసేపూ సైరన్ సన్నగా, పదునుగా వినిపిస్తుంది. మనల్ని దాటగానే అదే సైరన్ మందంగా మారిపోతుంది. డ్రైవరు ఏ మీటా నొక్కలేదు. బండి కదులుతోంది కాబట్టి శబ్దపు అలలు ముందు దగ్గరదగ్గరగా, తర్వాత ఎడమెడంగా మన చెవికి చేరుతున్నాయి. మేం చేసేదీ అంతే. మనిషి చెవికి అందని శబ్దాన్ని, చర్మానికి ఆనించి పట్టుకునే ప్రోబ్‌తో ఒంట్లోకి పంపుతాం. అది పరుగెత్తే రక్తకణాలకు తగిలి వెనక్కి వస్తుంది. రక్తం మన వైపు వస్తుంటే తిరిగొచ్చే శబ్దం కాస్త హెచ్చుతుంది, దూరంగా పోతుంటే తగ్గుతుంది. పంపినదానికీ తిరిగొచ్చినదానికీ ఉన్న తేడాను మిషన్ లెక్కగట్టి తెర మీద ఎరుపు, నీలం రంగులుగా చూపిస్తుంది, స్పీకర్లో వినిపిస్తుంది. తేడా పెద్దదైతే రక్తం వేగంగా పోతున్నట్టు, చిన్నదైతే మెల్లగా పోతున్నట్టు.

ఇక్కడే చిక్కు. ప్రోబ్‌ను రక్తనాళానికి నిట్టనిలువుగా పెట్టామనుకోండి, రక్తం మన వైపూ రాదు, దూరంగానూ పోదు, మన ముందు నుంచి అడ్డంగా వెళ్ళిపోతుంది. తేడా సున్నా. రక్తం పారుతూనే ఉంటుంది, మిషన్ మాత్రం ఏమీ లేదంటుంది. అందుకే ప్రోబ్‌ను ఏటవాలుగా పట్టుకోవాలి. ఇక రక్తం మరీ నీరసంగా పారుతుంటే తేడా ఎంత చిన్నదవుతుందంటే, మిషన్ దాన్ని రక్తనాళం గోడల అదురనుకుని వడపోసి పారేస్తుంది. ఎంత చిన్నదాన్ని పారేయాలో చెప్పే మీట మన చేతిలో ఉంటుంది.

ఇదంతా నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. కొత్తగా చేరిన టెక్నీషియన్లకు నేనే నేర్పేదాన్ని. తెలియక చేసిన తప్పు కాదు నాది.

నేను చేరిన ఇరవై రెండో ఏట మా ల్యాబుకు కొత్త మిషన్ వచ్చింది. పాతదానికి ప్రతిదీ చేత్తో తిప్పుకోవాలి. కొత్తదానికి బటన్లున్నాయి. 'కాలి ధమనులు' అన్న బటన్ నొక్కితే చాలు, ఎంత వేగాన్ని చూపాలో చెప్పే స్కేలు, చిన్న తేడాలను వడపోసే ఫిల్టరు, కోణం అన్నీ అదే సర్దుకుంటుంది. కంపెనీ నుంచి వచ్చిన ఇంజినీరు దాన్ని బిగించి, మాకు ఒక పూట చూపించి వెళ్ళాడు. మా విభాగాధిపతికి మిషన్ తెగ నచ్చింది. ఆయన రేడియాలజిస్టు. మేం తీసిన ప్రతి పరీక్ష రిపోర్టు మీదా ఆయనే సంతకం పెట్టాలి. చెడ్డవాడేమీ కాదు. ఆసుపత్రిలో అందరికన్నా ముందు వచ్చి అందరికన్నా ఆలస్యంగా వెళ్ళేవాడు. కాకపోతే పని వేగంగా జరుగుతుంటే ఆయనకు పని బాగా జరుగుతున్నట్టే కనిపించేది. "ఒక కాలికి నలభై నిమిషాలు పట్టేది, ఇప్పుడు పన్నెండు నిమిషాలు. చూశావా?" అన్నాడు మొదటి వారంలో. నేనూ సంబరపడ్డాను. బయట బెంచీల మీద జనం, ఇంటికెళ్తే వంట. పన్నెండు నిమిషాలు నాకూ బాగానే ఉంది.

రెండు వారాలు గడిచాయి. ఒక మధ్యాహ్నం స్ట్రెచర్ మీద బోరబండ నుంచి ఒక ప్లంబరును తీసుకొచ్చారు. యాభై ఏళ్ళుంటాయి. చేతులు మోకాళ్ళ దాకా వచ్చేంత పొడుగు మనిషి, స్ట్రెచర్ సరిపోక పాదాలు బయటికొచ్చాయి. చక్కెర జబ్బు ముదిరింది, బీడీలు మానలేదు. పని దగ్గర రేకు గుచ్చుకున్న కుడి పాదానికి రెండు వేళ్ళు నల్లబడ్డాయి. మామూలుగా అయితే రంగుమందు ఎక్కించి సీటీ తీసి రక్తనాళాలు చూస్తారు. ఈయనకు కిడ్నీలు బాగాలేవు, అంత మందు ఎక్కిస్తే అవి పూర్తిగా పోతాయన్నారు. అందుకని సర్జన్‌కు మా డాప్లరే దిక్కు. మోకాలి కింద ఎక్కడైనా తెరుచుకున్న రక్తనాళం ఒక్కటి దొరికితే దానికి బైపాస్ కుట్టి కాలు నిలబెట్టొచ్చు. దొరక్కపోతే మోకాలి కిందికి తీసేయడమే.

ఆయన్ని వెల్లకిలా పడుకోబెట్టాను. ఆయన ఊరుకోడు. నేను ప్రోబ్ పెట్టినప్పుడల్లా కాలు బల్ల అంచు నుంచి కిందికి జార్చేస్తాడు.

"కాలు కదపకండి బాబూ," అన్నాను మొదటిసారి.

"నొప్పి లేస్తుంది మేడం. జర కిందికి ఏస్తె..."

"ఐదు నిమిషాలు ఓర్చుకోండి. కదిలితే సరిగ్గా రాదు," అని కసిరాను. ఆయన పళ్ళు బిగబట్టుకుని పడుకున్నాడు. ఆ మాట పూర్తిగా చెప్పనివ్వలేదు నేను.

బటన్ నొక్కాను. తొడలో, మోకాలి దాకా ఎరుపు కనిపించింది. మోకాలి కింద మూడు ధమనులుంటాయి, మూడూ నల్లగా ఉన్నాయి. పాదం దాకా వెళ్ళాను. స్పీకర్లో గరగర తప్ప ఏమీ లేదు. 'మోకాలి కింద మూడు ధమనుల్లోనూ ప్రవాహం లేదు' అని టైపు చేశాను. పన్నెండు నిమిషాలు కూడా పట్టలేదు. విభాగాధిపతి మిగతా వాటితో కలిపి సంతకం పెట్టేశాడు. నేను ఇంటికెళ్ళి చింతకాయ పచ్చడి వేసుకుని అన్నం తిన్నాను. ఏ అనుమానమూ రాలేదు. ఇది మీకు ప్రత్యేకంగా చెబుతున్నాను. తప్పు చేసిన రోజు మనసు కీడు శంకిస్తుందనుకుంటాం. అలాంటిదేమీ ఉండదు.

మర్నాడు పొద్దున ఎనిమిదిన్నరకు మూడో అంతస్తు వార్డులో ఇంకొకరికి మంచం దగ్గరే పరీక్ష చేయాల్సి వచ్చి పైకి వెళ్ళాను. అది ముగించుకుని వస్తుంటే ప్లంబరు మంచం అంచున కూర్చుని కనిపించాడు. కుడి కాలు కిందికి వేలాడుతోంది. ఆయన భార్య పక్కన స్టూలు మీద కూర్చుని, ఆపరేషన్ కాగితాలు ఒళ్ళో పెట్టుకుని ఉంది. ఇంకా వేలిముద్ర వేయలేదు.

నేను ఆగింది జాలితో కాదు. ఆ కాలి రంగు చూసి. నిన్న పడుకోబెట్టినప్పుడు సున్నంలా పాలిపోయిన పాదం, ఇప్పుడు వేలాడుతూ ఎర్రగా ఉంది.

"నిన్న మిషన్ల సూసింది మీరే గద మేడం," అన్నాడాయన. "పదకొండు గంటలకు కాలు తీస్తరట."

"అలా ఎందుకు కూర్చున్నారు? పడుకోవచ్చుగా?"

ఆయన భార్య జవాబు చెప్పింది. "పది దినాల సంది గిట్లనే మేడం. పండుకుంటె జాన్ పోతుంది అంటడు. కూసొని కాలు కిందికి ఏస్తె నిద్ర పడుతది. నిన్న మీకు చెప్తుంటే మీరు ఇనలే అన్నడు."

ఫిర్యాదు చేస్తున్నట్టు లేదు ఆమె గొంతు. జరిగింది చెప్పింది, అంతే. నాకు చెంప మీద కొట్టినట్టయింది.

ఆయన తన కాలి వంక చూసుకుంటూ అన్నాడు. "నాకు డాక్టరీ తెల్వది మేడం. పైపుల పని ముప్పై ఏండ్ల సంది చేస్తున్న. మీది అంతస్తుల నల్లా వస్తలేదంటె పైపు ఖరాబయిందని పగలగొట్టం. కింది నల్లా ఇప్పి సూస్తం. ప్రెషర్ తక్కువుంటె మీదికి ఎక్కదు, కిందికైతె దిగుతది గద. గా పెద్ద మిషన్‌కు గింత తెల్వదా?"

తెలుసు. దాన్ని నడిపే నాకూ తెలుసు. పడుకున్నప్పుడు అందని రక్తం, కాలు దించితే బరువుకు కిందికి దిగుతుంది. దిగుతోంది కాబట్టే నొప్పి తగ్గుతోంది. ఏ దారీ లేకపోతే ఎటు నుంచి దిగుతుంది?

వార్డు సిస్టర్ డ్రాయర్లో పెన్ను లాంటి చిన్న డాప్లర్ ఉంటుంది. దానికి తెర ఉండదు, శబ్దం మాత్రమే. దాన్ని తీసుకుని, నేల మీద గొంతుక్కూర్చుని, ఆయన పాదం పైన జెల్ పూశాను. నిలువుగా పెట్టాను. ఏమీ లేదు. వాల్చాను. ఏమీ లేదు. ఇంకొంచెం వాల్చి, వెంట్రుకవాసి పక్కకి జరిపాను. దూరంగా ఎవరో పొయ్యి ఊదుతున్నట్టు, హూ... హూ... అని వినిపించింది. చాలా మెల్లగా. కానీ ఆగి ఆగి వస్తోంది.

"ఏందది మేడం?" అని అడిగింది ఆయన భార్య.

"ఇంకోసారి మిషన్‌లో చూడాలి. అప్పటిదాకా ఆ కాగితం మీద వేలిముద్ర వెయ్యకమ్మా," అన్నాను. ఆ మాట అనే హక్కు నాకు లేదు. అనేశాను.

విభాగాధిపతికి ఫోన్ చేశాను. ఆయన సావధానంగానే విన్నాడు. "సంతకమైన రిపోర్టు అది. సర్జన్ రాసిస్తే మళ్ళీ తీద్దాం. పైగా నువ్వు విన్నది సిర శబ్దం కావచ్చు. పక్కపక్కనే ఉంటాయి కదా," అన్నాడు.

అది న్యాయమైన మాట. గుండె నుంచి రక్తం తెచ్చేది ధమని, వెనక్కి తీసుకెళ్ళేది సిర. సిరలో పారే రక్తంతో కాలు బతకదు.

"అందుకే సార్, మిషన్‌లో చూస్తానంటున్నాను."

"పదకొండింటికి థియేటర్. నీకు పొద్దున లిస్టులో తొమ్మిదిమంది ఉన్నారు. ముందు వాళ్ళను చూడు."

ఫోన్ పెట్టేశాడు. నేను సిస్టర్ దగ్గరికి వెళ్ళి వీల్‌చైర్ అడిగాను. ఆమె కౌంటర్ వెనక నుంచి నన్ను ఎగాదిగా చూసింది.

"స్లిప్పు లేకుండ పేషెంటును కిందికి పంపితె నన్ను పట్టుకుంటరు మేడం. మీకేమయితది?"

ఆమె అన్నది నిజమే. ఆమె ముందున్న రిజిస్టరు నా వైపు తిప్పుకుని, 'నా బాధ్యత మీద తీసుకెళ్తున్నాను' అని రాసి సంతకం పెట్టాను. ఆమె చదివింది. పెన్ను తీసుకుని పక్కనే టైము వేసింది. "తొందరగ తీస్కపోండి. నేను సూడలే," అంది. సూడలే అన్న మనిషే లిఫ్టు దాకా వచ్చి తలుపు పట్టుకుంది.

ల్యాబు బయట బెంచీల మీదివాళ్ళు గొడవ మొదలుపెట్టారు. తలుపు వేసి గడియ పెట్టాను. ఆయన్ని బల్ల మీద పడుకోబెట్టలేదు. అంచున కూర్చోబెట్టి కాలు వేలాడదీయించాను. నేను కింద పీట వేసుకుని కూర్చున్నాను. ఆ ఎత్తు నుంచి తెర సరిగ్గా కనబడక మెడ పట్టేసింది. ఆ బటన్ ఆపేశాను. స్కేలు అట్టడుగుకి దించాను, ఫిల్టరు కూడా. తెరంతా రంగుల చెత్తతో నిండిపోయింది. మిషన్ ఇన్నాళ్ళూ మాకు శుభ్రంగా చూపించింది ఈ చెత్తను తీసేసే. ఆ చెత్తలోనే వెతకాలి. ప్రోబ్ వాల్చి, చీలమండ ముందు నుంచి ఒక్కో వేలెడు పైకి జరుగుతూ వెళ్ళాను.

దొరికింది. చీలమండకు బెత్తెడు పైన మొదలై, పాదం మీది దాకా తెగకుండా ఒక సన్నని గీత. ముందు ఎరుపు, ప్రోబ్ అటు వాల్చితే నీలం. అంటే శబ్దం మారుతోంది, అంటే కదులుతోంది.

సిర కాదని తేల్చుకోవాలి. పిక్క గట్టిగా పిసికి వదిలాను. సిర అయితే వదలగానే శబ్దం ఒక్కసారి ఉప్పెనలా లేస్తుంది. మారలేదు. ఊపిరి బిగబట్టమన్నాను. మారలేదు. ఎడమ చేతితో ఆయన మణికట్టు పట్టుకున్నాను. నాడి కొట్టిన ప్రతిసారీ, ఒక్క క్షణం ఆలస్యంగా, స్పీకర్లో హూ అంటోంది.

"గుండెతోటి కలిసి కొడ్తున్నది గద మేడం," అన్నాడాయన. ఆయనకు నేనేమీ చెప్పలేదు. రెండో చేతి వేళ్ళు మెడ మీద పెట్టుకుని తనే చూసుకుంటున్నాడు.

తలుపు బాదారు. గడియ తీస్తే సర్జన్. విజయవాడ వైపు మనిషి, థియేటర్ బట్టల్లోనే దిగి వచ్చాడు. కోపానికి ముఖం కందిపోయింది.

"ఏంటమ్మా ఇది? నా పేషెంట్ థియేటర్లో ఉండాల్సిన టైమ్‌కి మీ దగ్గరెందుకున్నాడు? ఎవరు రాసిచ్చారు?"

"ఎవరూ రాసివ్వలేదండీ. నేనే తీసుకొచ్చాను. నిన్న నేను రాసింది తప్పు."

"నిన్న ప్రవాహం లేదన్నారు. దాన్ని నమ్ముకుని వాళ్ళింట్లోవాళ్ళకు కాలు తీయాలని చెప్పాను. ఈ రోజు ఉందంటారా? రేపేమంటారు?"

"రేపటి సంగతి తర్వాతండీ. ఇప్పుడు ఇటు చూడండి."

నేనలా మాట్లాడతానని ఆయన అనుకోలేదు. నేనూ అనుకోలేదు. ఇరవై రెండేళ్ళలో ఏ డాక్టరుతోనూ అలా అనలేదు. ఆయన తెర చూశాడు. గీత చూశాడు. "సిర," అన్నాడు. పిక్క పిసికి చూపించాను. ఊపిరి బిగబట్టించి చూపించాను. ఆయన నా చేతిలోంచి ప్రోబ్ తీసుకుని నిలువుగా పెట్టాడు. గీత మాయమైంది.

"వాల్చండి," అన్నాను.

వాల్చాడు. వచ్చింది. మళ్ళీ నిలువుగా పెట్టి, మళ్ళీ వాల్చాడు. అలా నాలుగైదుసార్లు చేశాడు. తర్వాత, ఆ శుభ్రమైన బట్టలతోనే నేల మీద చతికిలబడి, చీలమండ నుంచి పాదం దాకా తనే మొత్తం చూసుకున్నాడు. ప్లంబరు ఆయన నడినెత్తి వంకే చూస్తూ కూర్చున్నాడు.

చివరికి సర్జన్ లేచాడు. "ఇది చాలు. దీనికి కుట్టొచ్చు," అన్నాడు. నాతో కాదు, ప్లంబరుతో. "వేళ్ళు పోతాయి. కాలు ఉంటుందో లేదో ప్రయత్నించి చూద్దాం. ఒప్పుకుంటావా?"

"నేనెప్పుడు వద్దన్న సార్?" అన్నాడాయన.

కథ ఇక్కడితో అయిపోతే నేను మంచిదాన్ని అనిపించుకుని హాయిగా రిటైరయ్యేదాన్ని. అసలు గొడవ మధ్యాహ్నం మొదలైంది.

విభాగాధిపతి నన్ను గదిలోకి పిలిచాడు. అప్పటికి సర్జన్ ఆయనతో మాట్లాడాడు. కొత్త రిపోర్టు కావాలన్నాడు. మా సారు కోప్పడలేదు. కూర్చోమని, మంచినీళ్ళిచ్చి, నెమ్మదిగా చెప్పాడు.

"కొత్త రిపోర్టు రాయి. నిన్న ప్రవాహం కనబడలేదు, ఇవ్వాళ స్వల్పంగా కనబడుతోంది, పరిస్థితి మెరుగైంది అని రాయి. నిన్నటిది నిన్నటిదిగానే ఉంటుంది. ఎవరికీ ఇబ్బంది లేదు."

"రాత్రికి రాత్రి రక్తనాళం ఎలా తెరుచుకుంటుంది సార్?"

"అది ఎవరడుగుతారు?"

"నిన్నటిది తప్పని రాస్తాను. బటన్ నమ్మి, స్కేలు చూసుకోకుండా, మనిషిని పడుకోబెట్టి తీశానని రాస్తాను."

ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "అలా రాస్తే ఏమవుతుందో ఆలోచించావా? ఆ బటన్‌తో రెండు వారాల నుంచి ఎన్ని కాళ్ళు తీశాం?"

ఆయన కాళ్ళు తీశాం అన్నది పరీక్షలు తీశాం అన్న అర్థంలో. కానీ ఆ మాట ఇద్దరికీ ఇంకోలా వినిపించింది.

నాకు అప్పుడు అర్థమైంది ఆయన భయమేమిటో. ఒక్క రిపోర్టు తప్పని ఒప్పుకుంటే, అదే బటన్‌తో ప్రవాహం లేదని రాసినవన్నీ తిరగదోడాలి. వాళ్ళందర్నీ పిలవాలి. ఎందుకు పిలుస్తున్నామో చెప్పాలి. నేను అంతదాకా ఆలోచించలేదు. ఆయన చెప్పకపోతే ఆ పూటకు ఆలోచించేదాన్ని కాదేమో కూడా.

"ఆ లిస్టు నేను తీస్తాను సార్," అన్నాను.

"నేను తీయమనలేదు."

"మీరు అనకపోయినా తీస్తాను."

"నువ్వు టెక్నీషియన్‌వి. రిపోర్టు నాది, సంతకం నాది."

"సంతకం మీదే సార్. ప్రోబ్ పట్టుకున్న చెయ్యి నాది."

ఆ సాయంత్రం రిపోర్టు నేను చెప్పినట్టే రాశాను. ఆయన సంతకం పెట్టలేదు. సర్జన్ తనే దాని కింద, 'నేను స్వయంగా చూశాను' అని రాసి సంతకం పెట్టి తీసుకెళ్ళాడు. నేను రిజిస్టరు ముందేసుకుని కూర్చున్నాను. రెండు వారాల్లో మోకాలి కింద ప్రవాహం లేదని నా చేతి మీదుగా వెళ్ళినవాళ్ళు, ప్లంబరు కాక, పదకొండుమంది. మర్నాడు నా సొంత ఫోన్ నుంచి పదకొండుమందికీ చేశాను. "పరీక్షలో పొరపాటు జరిగి ఉండొచ్చు, మళ్ళీ చూస్తాం, రండి," అని చెప్పాను. ఒకాయన తిట్టాడు. ఒకావిడ నేనేదో అమ్మడానికి చేశాననుకుని పెట్టేసింది, మళ్ళీ చేశాను. ఒక్కొక్కరే వచ్చారు. లిస్టులో ఉన్నవాళ్ళ పని ఆగకూడదని పొద్దున ఏడింటికే వచ్చి చూసేదాన్ని. కాళ్ళు వేలాడదీయించి, చేత్తో మీటలు తిప్పుకుంటూ. వచ్చినవాళ్ళలో ఇద్దరి రిపోర్టులు మారాయి.

పదకొండో ఫోన్ ఒక పెద్దావిడది. ఆమె కూతురు తీసింది. మా రిపోర్టు పట్టుకుని వేరే ఆసుపత్రికి వెళ్ళారట. కాలు తీసేసి ఎనిమిది రోజులైందట.

"మళ్ళ ఎందుకు రమ్మంటున్నరు?" అని అడిగింది ఆ పిల్ల.

చెప్పాను. మిషన్ సరిగ్గా పెట్టకుండా చూశాననీ, ఆ రిపోర్టు తప్పయి ఉండొచ్చనీ, కాకపోయి ఉండొచ్చనీ చెప్పాను. "మా అమ్మకు చెప్పాల్నా వద్దా?" అని అడిగింది. "నా పేరు, నెంబరు రాసుకో అమ్మా. ఎవరైనా అడిగితే నేనే వచ్చి చెబుతాను," అన్నాను. ఆమె రాసుకుంది. ఎవరూ రాలేదు. ఆ కాలులో రక్తం పారేదో లేదో నాకు తెలియదు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పగలిగిన కాలు లేదు. మీరు ఎప్పుడైనా 'లేదు' అని టైపు చేస్తున్నప్పుడు, నిజంగానే లేదా, మనకు వినపడలేదా అని ఆగి చూసుకోండి. వినపడకపోతే వినపడలేదనే రాయండి. అది చిన్నతనం కాదు.

ప్లంబరుకు సర్జన్ ఆపరేషన్ బల్ల మీద చిటికెడు రంగుమందుతో ఒక ఫోటో తీసి, మా గీత నిజమేనని చూసుకుని, ఆయన తొడలోని సిరనే తీసి ఆ ధమనికి కుట్టాడు. ఏడు గంటలు పట్టింది. రెండు నల్ల వేళ్ళూ తీసేశారు. పుండు మానడానికి నాలుగు నెలలు. మధ్యలో ఒకసారి చీము పట్టి అందరినీ హడలగొట్టాడు. బీడీలు మాత్రం మానేశాడు, ఆయన భార్య మానిపించింది. ఐదో నెలలో పరీక్షకు వచ్చినప్పుడు కుట్టిన నాళంలో రక్తం జోరుగా పోతోంది. స్పీకర్లో టప్ టప్‌మని కొరడా కొట్టినట్టు. ఆయన ఆ శబ్దం వింటూ కూర్చుని, చేతులు కడుక్కోవడానికి నేను సింకు దగ్గరికెళ్తే వెనకే వచ్చి కిందికి వంగి చూశాడు.

"గీ పైపు ఎవడు బిగించిండు మేడం? ఉల్టా ఉన్నది," అన్నాడు. మళ్ళీ వారం సంచీతో వచ్చి సరిచేసి వెళ్ళాడు.

ఇదంతా కాకముందే, ఆపరేషన్ జరిగిన నెలలోనే నాకు మెమో వచ్చింది. ఇంగ్లీషులో, రెండు పేజీలు. స్లిప్పు లేకుండా పేషెంటును తరలించినందుకు, సంతకమైన రిపోర్టును అనుమతి లేకుండా మార్చినందుకు, థియేటర్ సమయం వృథా చేసినందుకు, సొంత ఫోన్ నుంచి పేషెంట్లకు ఫోన్లు చేసి సంస్థ పరువు తీసినందుకు ఏడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలి. మా సారు ఆ కాగితం తనే తెచ్చిచ్చాడు. "పొరపాటైంది, ఇక మీదట ఇలా జరగదు అని ఒక్క ముక్క రాసిచ్చెయ్. ఫైల్లో పెట్టేస్తారు, అంతటితో అయిపోతుంది," అన్నాడు. నా మంచికే చెప్పాడు, అందులో అనుమానం లేదు. ఇంట్లోవాళ్ళూ అదే అన్నారు. పెద్దమ్మాయి ఇంజినీరింగ్ మూడో ఏడు అప్పుడు. ఉద్యోగం పోతే ఎలా అని మా ఆయన రెండు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు.

ఆరో రోజు జవాబు రాశాను. కోపంలో నాకు ఇంగ్లీషు సరిగ్గా రాదు, అందుకని తెలుగులో రాశాను.

'అయ్యా, ఈ నెలలో నేను ఒకే కాలికి రెండు రిపోర్టులు రాశాను. మొదటిది తప్పు. దానివల్ల ఒక మనిషి కాలు పోవాల్సింది. దానికి నన్నెవరూ ఏమీ అడగలేదు. రెండోది నిజం. దానికి మెమో ఇచ్చారు. ఈ రెండింటిలో నేను దేనికి సంజాయిషీ ఇవ్వాలో తెలియజేస్తే, అలాగే ఇస్తాను.'

ఆఫీసులో ఇచ్చి, నకలు మీద ముద్ర వేయించుకున్నాను. ఎవరూ ఏమీ తెలియజేయలేదు. నేను అక్కడ ఇంకో ఆరేళ్ళు పనిచేశాను.